అమ్మ గొంతు చేసే పని

పిల్లలూ! మాస్టారు హఠాత్తుగా మీ పేరు పిలిచి, "బోర్డు దగ్గిరికి వచ్చి ఈ లెక్క చెయ్యి!" అన్నారనుకోండి. అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. తరగతిలో పులి లేదు, పాము లేదు. అయినా మీ శరీరం పులిని చూసినంత పనీ చేస్తుంది!

ఇదంతా మన మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చుని ఉండే రెండు చిన్న గ్రంథుల పని. వీటిని అడ్రినల్ గ్రంథులంటారు. మెదడు నుంచి భయమనే కబురు అందగానే ఇవి అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడ దానివల్లనే. దాని వెనకనే నిదానంగా కార్టిసాల్ అనే మరొక రసం వస్తుంది. ఇది రక్తంలో చక్కెరను పెంచి, పరుగెత్తడానికో పోరాడడానికో బలం సమకూరుస్తుంది. అయితే ఒక చిక్కున్నది. అడ్రినలిన్ కొద్ది నిమిషాలలో పోతుంది. కార్టిసాల్ అట్లా కాదు; మీరు లెక్క ముగించి వచ్చి కూర్చున్నాక కూడా చాలాసేపు రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. నెలల తరబడి అది ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, రోగాలను ఎదిరించే శక్తి తగ్గుతుంది.

మరి దీన్ని దించేదెట్లా? అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక తమాషా ప్రయోగం చేసి 2010లో ప్రకటించారు. 7 మొదలు 12 ఏళ్ళ వరకు వయసుగల 61 మంది ఆడపిల్లల చేత, ముక్కూ మొహమూ తెలియని వాళ్ళ ఎదుట ఉపన్యాసం చెప్పించారు, లెక్కలు చేయించారు. (ఏ దేశంలోనైనా పిల్లలను భయపెట్టడానికి లెక్కలే దొరుకుతాయి కాబోలు!) తరవాత వాళ్ళను మూడు జట్లు చేశారు. మొదటి జట్టు పిల్లలను తల్లులు దగ్గిరికి తీసుకుని ఊరడించారు. రెండవ జట్టు పిల్లలతో వాళ్ళ తల్లులు టెలిఫోనులో మాట్లాడారు. మూడవ జట్టుకు ఒక పెంగ్విన్ పక్షుల సినిమా చూపించారు.

పిల్లల ఉమ్మిని పరీక్షించి చూస్తే, గంట గడిచినా సినిమా చూసినవాళ్ళలో కార్టిసాల్ ఇంకా ఎక్కువగానే ఉన్నది. తల్లి ఊరడించిన వాళ్ళలో దిగిపోయింది. వింత ఏమిటంటే, టెలిఫోనులో గొంతు మాత్రమే విన్నవాళ్ళలోనూ ఇంచుమించు అట్లాగే దిగింది! ఈ రెండు జట్లలోనూ ఆక్సిటోసిన్ అనే వేరొక రసం పెరిగింది. పసిబిడ్డకు పాలిచ్చేటప్పుడు తల్లి శరీరంలో ఊరేదీ ఇదే.

2012లో వాళ్ళే ఇంకొక ప్రయోగం ప్రకటించారు. ఈసారి కొందరు తల్లులు మాట్లాడలేదు. ఓదార్పు మాటలు కంప్యూటరు మీద రాసి పంపారు. ఆ పిల్లలలో ఆక్సిటోసిన్ పెరగలేదు. కార్టిసాల్ కూడా, తల్లి పలకరింపే లేని పిల్లలలో ఎంత ఉన్నదో అంతా ఉన్నది. మాటలు అమ్మవే, గొంతు మాత్రం లేదు.

పిల్లలను హాస్టల్లో ఉంచి, పరీక్ష ముందు రోజు "ధైర్యంగా రాయి" అని రెండు ముక్కలు ఫోనులో పంపి ఊరుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. వార్డెనుగారి ఫోనుకైనా సరే పిలిచి, అయిదు నిమిషాలు బిడ్డతో మాట్లాడండి. పెరట్లో జామచెట్టు కాసిందనో, పిల్లి పిల్లలను పెట్టిందనో చెప్పండి. మార్కుల సంగతి తరవాత అడగవచ్చు.