శిష్యుల అడుగు శిష్యులదే

బయటి ఊరి నుంచి వచ్చిన గురువు పిల్లలకు ఏం నేర్పాలి? తనకు వచ్చినదా, వాళ్లలో ఉన్నదా? బడిలో మాకు తరచూ ఎదురయ్యే ఈ ప్రశ్నకు మెక్సికో నాట్యచరిత్రలో ఒక మంచి జవాబు దొరుకుతుంది.

వాల్దీన్ 1913లో అమెరికాలోని డల్లాస్‌లో పుట్టారు. చిన్ననాడే బ్యాలే నేర్చి, తర్వాత ఆధునిక నృత్యం వైపు మళ్లారు. 1939లో మెక్సికో విద్యాశాఖ పిలుపుపై అక్కడికి వెళ్లారు. అదే ఏడాది అమెరికా నుంచి అనా సొకొలోవ్ కూడా వచ్చారు. ఇద్దరి శిష్యురాళ్లకూ గురువుల పేర్లే స్థిరపడ్డాయి: 'వాల్దీనాలు', 'సొకొలోవాలు'.

1910లో మొదలైన విప్లవ గాథను డియేగో రివేరా వంటి చిత్రకారులు అప్పటికే ప్రభుత్వ భవనాల గోడలకు ఎక్కించారు. గోడ మీది బొమ్మ చెప్పే కథను మనిషి ఒంటితో చెప్పించాలని వాల్దీన్ తపించారు. తన దేశపు నాట్యాన్ని అచ్చంగా దించకుండా, ఆ నేల మనుషుల కథనూ కదలికనూ పట్టుకున్నారు.

అలా పుట్టిందే 'లా కొరొనెలా', అంటే మహిళా కల్నల్. పోసాదా చెక్కిన బొమ్మలు దానికి స్ఫూర్తి. ఆనాటి పెద్దింటి అమ్మాయిలు, ఏమీ లేని పేదలు, ఒక దొరగారి పీడకల, చివరి తీర్పు... ఇవీ అందులోని నాలుగు ఘట్టాలు. సంగీతం రాస్తున్న సిల్వెస్త్రె రెవుయెల్తాస్ అక్టోబరులో కన్నుమూస్తే, మిగిలిన భాగాన్ని బ్లాస్ గలిందో పూర్తిచేశారు. 1940 నవంబరు 23న మెక్సికో నగరంలోని లలితకళల భవనంలో అది తొలిసారి వేదికెక్కింది.

ఆ రోజు నాట్యమాడిన వారిలో గియెర్మీనా బ్రావో ఒకరు. ఆమె 1948లో హోసెఫీనా లవాయెతో కలిసి మెక్సికో జాతీయ బ్యాలే స్థాపించి, పల్లెలకూ ప్రదర్శనలు తీసుకెళ్లారు. 1960ల నాటికి కథలు చెప్పే ధోరణిని వదిలి, మార్తా గ్రాహం పద్ధతిలో శిక్షణ వైపు తిరిగారు. వాల్దీన్ దగ్గరే నేర్చిన అమాలియా హెర్నాందెస్ దారి వేరు. 1952లో ఆమె మొదలుపెట్టిన బృందమే నేడు లోకమంతా ఎరిగిన మెక్సికో జానపద బ్యాలే.

ఒకే గురువు, రెండు దారులు. ఏ ఒక్కటీ గురువు అడుగుకు నకలు కాదు. వాల్దీన్ 1993లో మెక్సికోలోనే కన్నుమూశారు. మా పిల్లలు మా చేతిరాతనే దించితే మేము మురిసిపోతాం. వాళ్లకంటూ ఒక రాత వచ్చిన రోజే మా పాఠం పూర్తయినట్టని వాల్దీన్ కథ గుర్తుచేస్తోంది.