చీకటిలో తోడుండే తెర

ప్రకృతి వైపరీత్యాలు సంభవించినపుడు మొట్టమొదట దెబ్బతినేవి విద్యుత్తు, సమాచార వ్యవస్థలు. గౌతమీ వసిష్ఠల నడుమ విస్తరించిన కోనసీమకు ఈ అనుభవం కొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తీరం దాటిన పెనుతుఫాను ఇక్కడి కొబ్బరితోటలను నేలకూల్చింది. వందలాది ప్రాణాలను బలిగొన్నది. పూతరేకులకు పేరుగాంచిన ఆత్రేయపురం గోదావరి చెంతనే ఉన్నది. వరద పెరిగితే ఏటిగట్ల వెంబడి రాత్రింబవళ్లు కాపలా తప్పదు. తీగలు తెగి, ఫోన్లు మూగబోయిన అటువంటి వేళలో వార్తను చేరవేయగల సాధనం హామ్ రేడియో.

ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొందినవారు లాభాపేక్ష లేకుండా నడుపుకొనే రేడియో కేంద్రమే హామ్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినపుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం బాధితుల క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి అందించింది.

ఈ రేడియోకు ముఖం వంటిది దాని తెర. పౌనఃపున్యం, సంకేత బలం దానిపైనే కనిపిస్తాయి. 7.080 మెగాహెర్ట్జ్ అని చదవవలసినచోట 7.030 అని పొరపడితే అవతలి కేంద్రం దొరకదు. కనుక తెర నేపథ్యాన్ని మార్చుకొనే వీలు వట్టి అలంకారం కాదు. యాయెసు ఎఫ్‌టీ-857 నమూనాలో తెర వెనుక వెలుగును 32 రంగులలో ఎంచుకోవచ్చు. ఐకామ్ ఐసీ-7300లో నలుపు, నీలం నేపథ్యాలు ఉన్నాయి.

ఏ నేపథ్యం మేలన్నది చుట్టూ ఉన్న వెలుగును బట్టి ఉంటుంది. చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి మానవనేత్రానికి సుమారు అరగంట పడుతుంది. మిరుమిట్లు గొలిపే తెరను కాసేపు చూస్తే ఆ అలవాటు చెదరిపోతుంది. అటుపిమ్మట గట్టుమీది నీటిమట్టాన్ని చూడబోతే కన్ను తడబడుతుంది. అందుచేత రాత్రివేళ నల్లని నేపథ్యం, తక్కువ వెలుగు శ్రేయస్కరం. ఎర్రని మసక వెలుగు కంటికి మరింత అనుకూలం. పట్టపగటి ఎండలో మాత్రం లేత నేపథ్యంపై ముదురు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

నల్లని నేపథ్యం బ్యాటరీని ఆదా చేస్తుందని కొందరు భావిస్తారు. ద్రవస్ఫటిక తెర విషయంలో ఇది నిజం కాదు. ఆ తెరపై నలుపు కనిపిస్తున్నా వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది. దాని ప్రకాశాన్ని తగ్గించినపుడే విద్యుత్తు మిగులుతుంది. ప్రతి బిందువూ స్వయంగా వెలిగే ఓఎల్ఈడీ తెరలో మాత్రం నలుపు నిజంగా పొదుపే.

కొన్ని రేడియోలలో సంకేతాలు జలపాతంలా కిందికి జారే రంగు గీతలుగా కనిపిస్తాయి. నేపథ్యం మరీ ప్రకాశవంతమైతే దూరాన సహాయం కోరుతున్నవారి సన్నని గీత అందులో కలిసిపోతుంది. మరీ చీకటైతే ఆ గీత అసలే తోచదు. కేవలం రొద మాత్రమే ఉన్నచోటు ముదురు నీలంగా కనిపించేటట్లు సరిచేసుకోవడం మంచి పద్ధతి.

ఈ అమరికలన్నీ ప్రశాంత సమయంలోనే చేసుకోవాలి. గదిలో దీపాలార్పి, చేయిచాచినంత దూరంనుండి అంకెలను చదివి చూడాలి. గాలివాన హోరులో మెనూలు వెతుక్కొనే వ్యవధి ఉండదు. ముందుచూపుతో సిద్ధపరచిన చిన్న తెర, ఆపద్వేళ ఒక ప్రాణాన్ని నిలిపే మాటకు దారి చూపగలదు.