మా యింటి కంప్యూటరు మతిమరుపు

మనుషులకు మతిమరుపు ఉండడం కొత్త కాదు. మా తాతగారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, దానికోసం ఇల్లంతా వెతికించేవారు. కాని యంత్రానికి కూడా మతిమరుపు వస్తుందని మొన్న శ్రావణమాసం దాకా నాకు తెలియదు. వేయి లెక్కలు తప్పకుండా చేసిపెట్టే మా కంప్యూటరు నేను చెప్పిన ఒకే ఒక్క మాట మాత్రం తెల్లవారేసరికి మరచిపోవడం మొదలుపెట్టింది.

ఆ మాట పెద్ద మాటేమీ కాదు. "పి.డి.ఎఫ్. కాగితాలు వస్తే ఫలానా ప్రోగ్రాములో తెరు" అని చెప్పాను. సరేనన్నది. ఆ పూటకు చెప్పినట్టే తెరిచింది. మర్నాడు అదే కాగితం మీద నొక్కితే, ఇంటర్నెట్ చూసుకునే బ్రౌజరులో తెరిచి నా ముందు పెట్టింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ మరచిపోయింది. ఇలా మూడు వారాలు.

"ఎందులో తెరిస్తేనేమండీ, అక్షరాలు కనిపిస్తున్నాయి గదా!" అన్నది మా ఆవిడ. నిజమే గదా అని నేనూ సరిపెట్టుకున్నాను. ఆ సరిపెట్టుకోవడమే కొంప ముంచింది.

ఒక శనివారం మధ్యాహ్నం మూడున్నరకు నా దగ్గర ఎం.ఏ. చదువుకునే అమ్మాయి ఒకతె గాభరాగా వచ్చింది. ఏదో పరిశోధన వేతనానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో నా సిఫారసు నింపి, సాయంత్రం అయిదు లోపల పంపాలి. అదే ఆఖరి రోజు. తండ్రి చిన్న రైతు. ఆ డబ్బు వస్తేనే పైచదువు, లేకపోతే లేదు. పెన్‌డ్రైవులో తెచ్చిన దరఖాస్తు మీద నొక్కాను. బ్రౌజరు తెరుచుకుంది. గడులు లేవు, పేరు రాసే చోటు లేదు. "దయచేసి వేచి ఉండండి" అనే అర్థంతో ఇంగ్లీషులో నాలుగు పంక్తులు మాత్రం ఉన్నాయి.

వేచి ఉన్నాం. మా ఆవిడ కాఫీ ఇచ్చింది, తాగాం. నాలుగయింది. ఇంకా వేచి ఉన్నాం. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు మగవాడు ఇంట్లో ఎవరినో ఒకరిని వెతుక్కుంటాడు. ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అబ్బాయి దొరికాడు.

"ఒరేయ్! కంప్యూటరులో ఏం కెలికావురా?"

"నేనేం చెయ్యలేదు నాన్నా."

"అబద్ధాలు కూడా నేర్చావన్నమాట!"

పరాయి పిల్ల ఎదుట అన్న ఆ మాటకు వాడి ముఖం చిన్నబోయింది. మారుమాట లేకుండా వచ్చి కూర్చుని, కాగితం మీద నొక్కకుండా ముందు ప్రోగ్రామును తెరిచాడు. ఆ ప్రోగ్రాము లోపలినుంచి ఆ దరఖాస్తును తెరిపించాడు. అంతే! గడులతో సహా దరఖాస్తు మొత్తం ప్రత్యక్షమయింది. నాలుగూ నలభైకల్లా నింపి పంపించేశాం. ఆ అమ్మాయి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మా అబ్బాయి డాబా మీదికి వెళ్ళి, రాత్రి భోజనానికి దిగి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ చిక్కు సంగతేమిటో తేల్చుకోవాలనుకున్నాను. తేలినదాన్ని ఇలాంటి బాధ పడే పాఠకులకు పనికివస్తుందని విన్నవించుకుంటున్నాను.

ఫైలుకు ఇంటిపేరు

మన ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది. కంప్యూటరులో ఫైలుకు ఇంటిపేరు చివర వస్తుంది. చుక్క తరువాత ఉండే పి.డి.ఎఫ్., డాక్, జె.పి.జి. వంటి అక్షరాలే ఆ ఇంటిపేరు. 1981లో వచ్చిన ఎం.ఎస్. డాస్‌లో ఫైలు పేరుకు 8 అక్షరాలు, ఇంటిపేరుకు 3 అక్షరాలు, అంతకు మించడానికి వీలు లేదు. విండోస్ 95 వచ్చాక పొడుగు పేర్లు పెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది గాని, మూడక్షరాల ఇంటిపేర్ల అలవాటు మాత్రం పోలేదు.

ఈ ఇంటిపేరు చూసే కంప్యూటరు ఎవరిని పిలవాలో నిర్ణయిస్తుంది. ఏ ఇంటిపేరువారికి ఏ ప్రోగ్రాము పురోహితుడో రాసిపెట్టుకునే పెద్ద పద్దు పుస్తకం ఒకటి విండోస్‌లో ఉన్నది. దాని పేరు రిజిస్ట్రీ. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులాగే అక్కడా దస్తావేజులు, సంతకాలు, దొంగ సంతకాలు అన్నీ ఉన్నాయి.

పూర్వం ఏ ప్రోగ్రాము పడితే ఆ ప్రోగ్రాము వచ్చి, ఆ పుస్తకంలో తన పేరు రాసేసుకునేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఒక కట్టుదిట్టం చేశారు. యజమాని స్వయంగా ఎన్నుకున్నప్పుడు మాత్రమే ఆ ఎన్నికకు ఒక రహస్య సంతకం పడుతుంది. ఫైలు ఇంటిపేరు, యజమాని గుర్తింపు, ప్రోగ్రాము పేరు, ఎన్నుకున్న సమయం వంటివన్నీ కలిపి లెక్కగట్టిన సంతకం అది. ఎవరైనా చాటుగా వచ్చి పద్దు దిద్దితే సంతకం సరిపోదు. అప్పుడు విండోస్ దాన్ని దొంగ దస్తావేజు కింద కొట్టివేసి, తనకు మొదటినుంచీ తెలిసిన ప్రోగ్రామునే మళ్ళీ నియమిస్తుంది. విండోస్ 10లో పి.డి.ఎఫ్. కాగితాలకు అలా వచ్చి కూర్చునేది ఎడ్జ్ బ్రౌజరు. 2024లో పి.డి.ఎఫ్. వంటి కొన్నింటికి అదనంగా మరొక కాపలాదారుణ్ణి కూడా పెట్టారు.

మన చిన్నప్పటి కథ ఉన్నదిగా, రెండు పిల్లులు రొట్టెకోసం తగవులాడుకుంటే మధ్యన కోతి తినేసిందని! ఇక్కడా అంతే. నేను ఎన్నుకున్న ప్రోగ్రాము ఒక పిల్లి. చాటుగా రొట్టె లాక్కోబోయే ప్రోగ్రాము రెండో పిల్లి. చివరకు రొట్టె మూడోవారికి దక్కింది. అయితే ఇక్కడి మూడోవాడిలో మోసం లేదు; తగవు తేలనప్పుడు కాగితం అసలు తెరవకుండా పోకూడదని పెట్టిన ఏర్పాటు అది.

మరి ఆ "వేచి ఉండండి" మాట? కొన్ని దరఖాస్తులను ప్రత్యేకమైన పద్ధతిలో తయారుచేస్తారు. ఆ పద్ధతి తెలిసిన ప్రోగ్రాము అయితే గడులన్నీ గీసి చూపిస్తుంది. తెలియని ప్రోగ్రాములకోసం పైన ఒక పుట అంటించి ఉంచుతారు. మేము చూసింది ఆ పుటనే. కల్పాంతం దాకా కూర్చున్నా అది కదిలేది కాదు.

కాలెండరు చెప్పిన సాక్ష్యం

ఇంతకూ రెండో పిల్లి ఎవరు? దొంగను పట్టించింది మా ఆవిడ. పొద్దున్నే సుప్రభాతం పెట్టడానికి కంప్యూటరు తెరిచేది ఆవిడే.

"మూలన ఏదో చీటీలాంటిది వచ్చి పోతోందండీ అని మీకు రెండుమాట్లు చెప్పాను. పేపరులోంచి తల ఎత్తారా?" అన్నది.

పాల లెక్క రాసే కాలెండరులో ఆ చీటీ వచ్చిన రోజులకు చుక్క పెట్టింది కూడా! చుక్కలు చూస్తే ఒక సంగతి బయటపడింది. రాత్రి కంప్యూటరును పూర్తిగా కట్టేసి, పొద్దున్న మళ్ళీ వెలిగించిన రోజుల్లోనే చీటీ వచ్చింది. ఊరికే మూతవేసి నిద్రపుచ్చిన రోజుల్లో రాలేదు. అంటే, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తనంతట తాను లేచే ప్రోగ్రామే దొంగ అన్నమాట.

మర్నాడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజరు తెరిచి, అందులో స్టార్టప్ అనే పట్టిక చూశాను. పరిచయమైన పేర్ల మధ్య ఒక పేరు కనిపించింది. చూడగానే నాలుక కరుచుకున్నాను. అంతకు ముందు నెలలో రెండు ప్రశ్నపత్రాలను ఒకటిగా కలపడానికని ఎక్కడో దొరికిన ఉచిత ప్రోగ్రాము ఒకటి నేనే తెచ్చి పెట్టుకున్నాను. పని అయిపోగానే దాన్ని మరచిపోయాను. అది మాత్రం నన్ను మరచిపోలేదు!

దాన్ని ఉదయాన లేవకుండా ఆపి రెండు రోజులు చూశాను. చీటీ రాలేదు. అప్పుడు పూర్తిగా తొలగించి, పి.డి.ఎఫ్. ఎన్నిక మళ్ళీ ఒకసారి చేశాను. నేటివరకు మాట తప్పలేదు.

మీ ఇంట్లో ఇలా జరిగితే

మొదట చూడవలసినది మన వేలు. ఫైలు మీద కుడిమీట నొక్కి "ఓపెన్ విత్" ద్వారా ప్రోగ్రామును ఎన్నుకునేటప్పుడు, విండోస్ 11 "ఎల్లప్పుడూ", "ఈ ఒక్కసారికి" అని రెండు బొత్తాలు చూపిస్తుంది. తొందరలో రెండోది నొక్కి, కంప్యూటరును తిట్టేవారు చాలామంది. విండోస్ 10లో అయితే "ఎల్లప్పుడూ" అన్నచోట టిక్కు పెట్టాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిచి కూడా ఏ ఇంటిపేరుకు ఎవరో నిర్ణయించవచ్చు. అక్కడే అన్నింటినీ రీసెట్ చేసే బొత్తం ఒకటి ఉంటుంది. బాగుచేసేదేమో అని దాన్ని నొక్కకండి. మీరు చేసుకున్న ఎన్నికలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

రెండవది, మార్పు ఎప్పుడు జరుగుతున్నదో గమనించండి. కంప్యూటరు వెలిగించగానే అయితే స్టార్టప్ పట్టిక చూడండి. ఏదో ఒక ప్రోగ్రామును తెరిచినప్పుడే అయితే, "నేనే ముఖ్యమైన ప్రోగ్రామునా?" అని ప్రతిసారీ అడిగే బుద్ధి దానికి ఉండవచ్చు, దాని సెట్టింగ్స్‌లో ఆ ప్రశ్నను మాన్పించవచ్చు. మీరు ఎన్నుకున్న ప్రోగ్రామును వేరే ఫోల్డరులోకి మార్చినా, పెన్‌డ్రైవులోంచి నడిపినా పద్దులోని చిరునామా చెల్లకుండా పోతుంది. అప్పుడు దాన్ని తీసివేసి, మళ్ళీ సక్రమంగా పెట్టుకోవడమే మందు.

మూడవది, ఇంట్లో తలా ఒక ఖాతా ఉంటే ఎవరి ఎన్నిక వారిదే. అమ్మాయి ఖాతాలో మార్చినది నాన్న ఖాతాకు వర్తించదు. ఇది చాలా ఇళ్ళలో "మతిమరుపు"గా చలామణీ అవుతున్నది.

నాలుగవది, రిజిస్ట్రీని శుభ్రం చేస్తామని వచ్చే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. దస్తావేజులు తెలియనివాడి చేతికి రికార్డు గది తాళాలు ఇచ్చినట్టవుతుంది.

ఇంకొక్క మాట. విండోస్ మామూలుగా ఫైళ్ళ ఇంటిపేర్లు దాచిపెడుతుంది. వాటిని కనిపించేటట్టు పెట్టుకోండి. పి.డి.ఎఫ్. అని పేరు పెట్టుకుని, ఆ వెనక చుక్క పెట్టి అసలు ఇంటిపేరు ఇ.ఎక్స్.ఇ.గా వచ్చే ఫైలు కాగితం కాదు, నడిచే ప్రోగ్రాము. అటువంటివాడిని గడప దాటనివ్వకూడదు.

అన్నట్టు, మాది విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో తయారీదారుల మామూలు ఆలనాపాలనా ముగిసింది గనక, మారే ప్రయత్నంలో ఉన్నాం.

ఇక మిగిలింది మా అబ్బాయి సంగతి. దొంగ దొరికిన సాయంత్రం డాబా మీదికి వెళ్ళాను. వాడు పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదిరా. ఆ ప్రోగ్రాము తెచ్చిపెట్టింది నేనే" అన్నాను.

"నాకు తెలుసు నాన్నా" అన్నాడు వాడు.

"తెలిస్తే ఆ రోజే చెప్పలేకపోయావా?"

"ఆ అక్క ఎదురుగా ఎలా చెప్పను?"

నాకు నోట మాట రాలేదు. ఇంట్లో ఏది చెడినా ముందు వాడి పేరు మీదే తెరవడం నాకు ఎన్నాళ్ళ అలవాటో అప్పుడు తెలిసింది. కంప్యూటరు సెట్టింగు మార్చడానికి వారం పట్టింది. దీనికి ఇంకా ఎక్కువ పట్టేటట్టున్నది. ఆ సంగతి మా ఆవిడతో అంటే, "కాలెండరులో చుక్కలు పెట్టనా?" అని అడిగింది.