తాండవ జలాశయము

తూర్పు కనుమలలో పుట్టిన తాండవనది తుని పట్టణము ప్రక్కగా ప్రవహించి, పెంటకోట యొద్ద బంగాళాఖాతమున గలియును. దీని పరుగు కొద్దిపాటిది. కొండలపై వానలు కురిసినపుడు పొంగి పొరలును. వేసవిలో ఇసుక తేలును. పైరునకు అక్కరకు రాకయే వరదనీరు సముద్రము పాలగుచుండెను. ఆ నీటిని నిలుపుటకే నాతవరము మండలమున కొండల చెంత ఆనకట్ట కట్టిరి. జలాశయపు నిండు మట్టము 380 అడుగులు. ఇది నీటి లోతు గాదు, సముద్రమట్టమునుండి లెక్కించిన ఎత్తు. ఆయకట్టు 51 వేల ఎకరములకు పైబడినది. 2022లో జిల్లాలు విడిపోగా జలాశయము అనకాపల్లి జిల్లాలో నిలిచినది. కాలువలు మాత్రము కాకినాడ జిల్లాకును సాగుచున్నవి. నీటికి ఎల్లలేమి తెలియును! ఎగువ మడులు మొదట తడియును. వానలు తప్పి మట్టము తగ్గిన యేడు శివారు భూములకు నీరందుట కష్టము. అచ్చటి రైతు నారు పోసికొని కాలువవంక చూచుచుండును.