కంపెనీ చెప్పిన మైలేజీ కర్నూలు రోడ్డు మీద ఎందుకు రాదు?

కడప పెద్ద దర్గా ఉర్సుకు కర్నూలు నుంచి చిన్న కారులో బయలుదేరే కుటుంబాన్ని చూస్తే సంగతి సగం అర్థమవుతుంది. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఒళ్లో పిల్లలు, డిక్కీ నిండా సామాను, పట్టనిది పైన క్యారియర్ మీద. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా పోను రాను సుమారు 400 కిలోమీటర్లు. లీటరుకు 24 వస్తుందని కొన్న బండి 17 ఇచ్చిందంటే, పెట్రోలు 110 రూపాయల లెక్కన ఒక్క ట్రిప్పుకే 750 దాకా తేడా.

కంపెనీ అబద్ధం చెప్పిందా అంటే, లేదు. ఆ 24 రోడ్డు మీద తేల్చిన లెక్క కాదు. ల్యాబులో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, వేగం 90 దాటనివ్వకుండా చేసే పరీక్షలో వచ్చిన అంకె. మే నెల ఎండ, నిండా జనం, హైవే మీద ఎదురుగాలి అందులో ఉండవు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత బండ్లకు 6–7 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అది మన చేతిలో లేదు.

చేతిలో ఉన్నది మొదట టైర్ల గాలి. మన దగ్గర ఒక మాట బాగా తిరుగుతుంది: ఎండాకాలం గాలి తక్కువ కొట్టించాలి, లేకపోతే టైరు పేలుతుందని. ఇది తిరగేసిన మాట. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలుగుతాయి, నలిగేకొద్దీ వేడెక్కుతాయి. హైవే మీద టైర్లు పేలడానికి పెద్ద కారణం ఇదే. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. ఎన్ని పాయింట్లు కొట్టించాలో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది, నిండా జనం ఎక్కినప్పుడు ఎంతో కూడా అక్కడే చూడొచ్చు. పొద్దున్నే, బండి నడవకముందు చూపించాలి. స్టెప్నీని మరిచిపోకూడదు, అందరూ మరిచేది అదే.

తర్వాత వేగం. 80లో పోయే బండి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. క్యారియర్ మీద మూటలుంటే ఇంకా ఎక్కువ. ఖాళీ క్యారియర్ కూడా నష్టమే, ఊరొచ్చాక విప్పేయడం మేలు. ఏసీ మాటకొస్తే, ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు అద్దాలు దించుకుంటే మిగులుతుంది. హైవే మీద దించితే గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి ఏసీ వేయాల్సిందే.

ఆత్మకూరు–దోర్నాల ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ వేసేవాళ్లున్నారు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి ఎక్సలేటర్ వదిలితే ఇంజనుకు పెట్రోలే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. అటు పెట్రోలూ మిగలదు, ఇటు ప్రాణాలకూ ముప్పు.

అసలు మీ బండి ఎంత ఇస్తుందో తెలియాలంటే డ్యాష్‌బోర్డు అంకె చాలదు. ట్యాంకు ఫుల్ చేయించి, గన్ను దానంతట అది ఆగగానే చాలించి, మీటరు రాసుకోవాలి. మళ్లీ అదే బంకులో అలాగే ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. 412 కిలోమీటర్లకు 23 లీటర్లు పట్టిందంటే 17.9. మూడు నాలుగు సార్లు రాస్తే సగటు తెలుస్తుంది. ఎప్పుడూ 18 ఇచ్చే బండి ఉన్నట్టుండి 14కు పడితే ముందు గాలి చూడాలి. గాలి సరిగ్గానే ఉంటే ఏదో ఒక చక్రానికి బ్రేకు పట్టేసి ఉండొచ్చు. కాస్త దూరం నడిపి ఆపి, తాకకుండా ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెడితే, మిగతావాటికంటే వేడిగా ఉన్నదేదో తెలిసిపోతుంది.