ఎర బతికితేనే గాలానికి చేప

అవనిగడ్డ: తుపానుల భయం తగ్గి, ధనుర్మాసపు చలిగాలి మొదలైందంటే దివిసీమ తీరంలో గాలం వేసేవారికి పని దొరికినట్లే. కృష్ణమ్మ పాయ సముద్రంలో కలిసే హంసలదీవి వద్ద, పాలకాయతిప్ప ఇసుక ఒడ్డున నిలబడి చేపను పట్టడానికి పడవ అక్కర్లేదు, పెద్ద వల అక్కర్లేదు. తంగూసు చుట్ట, కొక్కెం, సీసం గుండు, బుట్టలో కాస్త ఎర ఉంటే చాలు. మొదటి మూడూ అంగట్లో దొరుకుతాయి. ఎరను మాత్రం మొగలూ, మడ కాలువలే ఇవ్వాలి.

పోటు చూసి వేయాలి

సముద్రానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈరోజు పోటు వేళకు సుమారు 50 నిమిషాలు కలిపితే రేపటి వేళ తెలుస్తుంది. అమావాస్యకు, పున్నానికి పోటు పెద్దది. అష్టమి రోజుల్లో చిన్నది. నీరు ఎక్కుతున్నప్పుడు రొయ్యలు, చిరుచేపలు ఒడ్డుకూ, మొగలోకీ వస్తాయి. వాటి వెనకే పండుగప్ప, గొరక, జెల్ల వస్తాయి. అల విరిగి తెల్లగా నురగ కట్టే చోటు దాటాక, రెండు ఇసుక మేటల నడుమ నీరు నల్లగా కనిపిస్తుంది. ఎర పడవలసిన లోతు అదే. దూరం విసరాలన్న ఆత్రంలో దానిని దాటించేవారే ఎక్కువ.

ఏ చేపకు ఏ ఎర

పండుగప్పకు కదిలే ఎర కావాలి. బతికిన రొయ్యను తలలో కనిపించే నల్లమచ్చకు తగలకుండా కొమ్ము కింద గుచ్చితే నీళ్లలో చాలాసేపు ఆడుతుంది. జెల్ల వాసన పట్టి వస్తుంది కనుక దానికి కవళ్ల ముక్క మేలు. తోలు పట్టేలా గుచ్చకపోతే అల దెబ్బకు ముక్క ఊడిపోతుంది. గొరకకు రొయ్య ముక్కో, బురదలో తవ్విన పురుగో చాలు. చిల్లి ఉన్న గుండులోంచి తంగూసు జారేలా కడితే ఎర అందుకున్న చేపకు బరువు తెలియదు. జెల్లను విప్పేటప్పుడు వీపు ముల్లు, పక్క ముళ్లతో జాగ్రత్త. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ఉంచి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అసలు చిక్కు ఇక్కడే

రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటుతో పాటు మడ కాలువల్లోకి వచ్చి, కొన్ని నెలలు పెరిగి తిరిగి సముద్రానికి పోతాయి. మడ వేళ్ల నడుమ బురదలోనే వాటికి తిండి, దాపు. దోమతెర లాంటి సన్నకన్ను వలతో కాలువను ఈడిస్తే ఎరకు పనికొచ్చే నాలుగు రొయ్యలతో పాటు గింజంత పిల్లలన్నీ ఒడ్డున పడి ఎండిపోతాయి. మడ చెట్టు నరికినా అదే నష్టం. రొయ్య లేని మొగకు చేప రాదు. ఒక పూట ఎరకు చిన్న విసురువల చాలు. అందులో పడిన పిల్లలను తడి ఆరకముందే నీళ్లలో వదలాలి.

పండుగప్ప సంగతి మరీ చిత్రం. చాలావరకు ఇవి మొదట మగవిగా ఎదిగి, బాగా పెరిగాక ఆడవిగా మారతాయి. చిన్నప్పుడే పట్టేస్తే గుడ్లు పెట్టే దశకు చేరేవే మిగలవు. జానెడు పిల్ల గాలానికి పడితే వదిలేయడమే లాభం.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకే వస్తాయి. తెగిన తంగూసు వాటి మెడకూ, కాళ్లకూ చుట్టుకుంటుంది. ముక్క కూడా వదలక ఇంటికి తేవాలి. సంగమం వద్ద మేటలు చోటు మారుతుంటాయి, పాటు వేళ నీరు లోపలికి గుంజుతుంది. నిరుడు నిలబడిన చోటే కదా అని మోకాలి లోతు దాటి దిగరాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు, అలల ఉధృతిని తగ్గించే మడ అడవి విలువ వేరే చెప్పనక్కర్లేదు. అదే అడవి గాలం మీద బతికే పేదకు ఎర కూడా పెడుతోంది. మత్స్యశాఖ, అటవీశాఖ వారు తీర గ్రామ పంచాయతీలతో కలిసి సన్నకన్ను వలలను, మడ నరికివేతను అరికట్టడం అవసరం. గ్రామస్తులు కూడా తమ కాలువను తామే కాపాడుకోవాలి.