వేట మానిన కన్ను

1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి వెలిగిననాడు, లైసెన్సు ఉన్నవారికి వేట చట్టసమ్మతమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పగ్గం వేయగా, 1991 సవరణ దాదాపు పూర్తిగా నిషేధించింది. నేడు బేమెతరా జిల్లా గిధ్వా-పర్సదా చెరువులపై వాలే వలసపక్షులకు గురిపెట్టదగినది స్పాటింగ్ స్కోపు అనే దూరదర్శిని ఒక్కటే.

దానిని ఎన్నుకునేవారు పెద్ద అంకెలకు మోసపోరాదు. 80 మిల్లీమీటర్ల కటకం 20 రెట్లు పెంచి చూపేటప్పుడు కంటికందే కాంతిపుంజం వెడల్పు 4 మిల్లీమీటర్లు; 60 రెట్లకు 1.3 మాత్రమే. అందుచేత మునిమాపువేళ బొమ్మ మసకబారుతుంది. మధ్యాహ్నం ఎండకు లేచే వేడిగాలి అలలు సైతం అన్ని రెట్లూ పెరిగి కనిపిస్తాయి. కనుక వెడల్పైన మేలిరకం కటకం, కదలని మూడుకాళ్ల స్టాండు ముఖ్యం.

ఈ వేటలో గురి కుదిరినా పక్షి నేలకూలదు. మరుసటి శీతకాలం మళ్లీ రాగలదు.